చూసుకునేవారు: లేరు

జూన్ 9

బుల్లీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. నేనే రాస్తున్నాను, నా చేత్తోనే. చిన్నప్పుడు పంతులమ్మ నా ఎడమచేతి మీద కొట్టి కొట్టి కుడిచేత్తో రాయించింది చూడు, ఆవిడకి ఇవాళ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. కత్తెర పట్టే చెయ్యి పోయింది గానీ కలం పట్టే చెయ్యి మిగిలింది. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. మూతి ఒక పక్కకి జారి మాట ముద్దగా వస్తోంది. ఆ గొంతు నీకు వినిపించడం నాకిష్టం లేదు.

పక్షవాతం అని నీకు తెలిసే ఉంటుంది. కార్ఖానాలో నీలం బట్ట నలభై పొరలు పరిచి స్కూలు యూనిఫారాల చేతులు కత్తిరిస్తున్నాను. కత్తెర కిందపడింది. తీద్దామని వంగి నేనే పడ్డాను. మా యజమాని తన వ్యానులో పడుకోబెట్టి ఇక్కడికి తెచ్చాడట. నాకేం గుర్తు లేదు. నువ్వు రాలేదని నాకేం కోపం లేదులే, మీ కళ్లద్దాల షాపులో సెలవు పుట్టదని తెలుసు.

వారం క్రితం రిహాబ్ వార్డుకి మార్చారు. ఎనిమిది మంచాలు. గోడ వారగా నాలుగు చెక్క మెట్లున్నాయి. ఎక్కి, దిగాలి, అంతే, అవతల ఏమీ లేదు. ఇక్కడ ఒక డాక్టరున్నాడు. నేను జోస్యాల డాక్టరని పేరు పెట్టాను. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఒక కాగితం తయారుచేస్తాడు. వయసెంత, మూడో రోజున ఆసరా లేకుండా కూర్చుందా, కాలు లేపిందా, తనంతట తను తినగలదా, ఇలా ఒక్కోదానికి మార్కులు వేసి కంప్యూటరుకి ఇస్తే, ఆరు వారాలకి ఈ మనిషి ఏమవుతుందో అది చెబుతుంది. మొన్న నా కాగితం భోజనం పళ్లెం పక్కన మర్చిపోయి వెళ్లాడు. చదివాను.

నూట ఇరవై ఆరుకి నలభై ఒక్క మార్కులు. నడక: చక్రాల కుర్చీ. ఇంటికి వెళ్లే అవకాశం: నూటికి పద్నాలుగు. సిఫారసు: సంరక్షణ కేంద్రం. వాటి పైన ఒక వరుసలో ఇలా ఉంది. ఇంట్లో చూసుకునేవారు: లేరు.

ఫిజియో అమ్మాయిని పట్టుకుని అడిగాను. 'ఆ ఒక్క వరుస మారితే ఇంటికి వెళ్లే అవకాశం ఎంతవుతుంది?' ఆ పిల్లకి దాచడం రాదు. 'నూటికి నలభై దాటుతుందమ్మా. మిగతావన్నీ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు' అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. కాగితంలో కుర్చీ అని ఉంటే కుర్చీలోకి ఎక్కడం దిగడమే నేర్పుతారట. నడక మీద పొద్దు వృథా చెయ్యరట.

ఎవరు చెప్పారే ఆ మాట? నాకు తోడబుట్టినది ఉండగా లేరు అని ఎవరి నోరు చెప్పింది? నా అనుమానం యజమాని మీదే. నేను పడ్డ మూడో రోజుకల్లా నా బల్ల దగ్గర కొత్త కటింగు మాస్టర్ని నిలబెట్టాడట. నేను కుర్చీలో ఉండిపోతే అతనికి గొడవ లేదు. నిన్ను ఎవరూ ఏమీ అడగలేదు కదా? రాయి. ఆ మనిషిని ఊరికే వదలను.

మీ అక్క

*

జూన్ 15

అక్కా,

ఉత్తరం అందింది. అక్షరాలు ఒక పక్కకి వాలుతున్నాయి గానీ చదవడానికి ఇబ్బంది పడలేదు. కాగితం ఎడమ అంచు మొత్తం ఖాళీగా వదిలేశావు. ఆ పక్క సరిగ్గా కనిపించడం లేదేమో, డాక్టరుతో చెప్పు. చూపు సంగతి కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ అంతా మామూలే. అద్దాలు అరగదీసే కొత్త మిషను వచ్చింది. పాతదానికంటే చప్పుడు తక్కువ, పొడి ఎక్కువ. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా తెల్లగా పేరుకుంటుంది. నిన్న ఒకాయన కొత్త అద్దాలు పెట్టుకుని అద్దంలో మొహం చూసుకున్నాడు. 'ఇంత ముసలివాణ్ణని ఇంట్లో ఎవరూ చెప్పలేదే' అన్నాడు. మేమంతా నవ్వాం, ఆయన నవ్వలేదు.

నువ్వు అడిగినదానికి నేనేం చెప్పను. ఆసుపత్రి వాళ్లు ఎవర్ని ఏమడుగుతారో, ఎవరు ఏమంటారో. పడిన రోజు నీ పక్కనున్నది మీ యజమానే కదా. నా కంటే నీకే బాగా తెలుసు అతను ఎలాంటివాడో.

ఒకటి మాత్రం చెప్పగలను. నీ కోపం చల్లారనివ్వకు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, నువ్వు ప్రేమతో చేసినవాటికంటే పంతంతో చేసినవే ఎక్కువ. కుర్చీలో కూర్చోబెడతామన్నారుగా. లేచి చూపించు.

బుల్లి

*

జూన్ 29

బుల్లీ,

ఎడమ పక్క గురించి నువ్వన్నది నిజమే. పళ్లెంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తున్నానని నర్సు చెబితే నేను నమ్మలేదు. పళ్లెం తిప్పి చూపించింది. అక్కడ అన్నం ఉంది. ఇన్నాళ్లూ ఆకలిగా ఉందని వాళ్లమీద కేకలేశాను. ఇప్పుడు ప్రతిదానికీ మెడ తిప్పి చూడటం నేర్పిస్తున్నారు.

ఫిజియో అమ్మాయి నా మాట విని డాక్టరుతో పోట్లాడింది. రోజుకి ముప్పావుగంట నడక కోసం ఇచ్చారు. రెండు ఇనప కడ్డీల మధ్య నిలబెడుతుంది. మొదటి రోజు మోకాలు మడతపడి ఆ పిల్ల మీదే కూలాను. 'ఎదురుగా ఏదైనా వస్తువు పెట్టుకుని దానివైపు రండమ్మా' అంది. వస్తువు ఎందుకు, కడ్డీల చివర మా యజమాని నిలబడి ఉన్నాడనుకున్నాను. ఆ బట్టతల, ఆ పళ్లికిలింపు. చేరుకుంటే చెంప పగలగొట్టొచ్చు అనుకుంటూ నాలుగడుగులు వేశాను. నిన్నటికి తొమ్మిది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. అతనికి చెయ్యాల్సింది చేసేశాను. యూనిఫారం బట్టని నీళ్లలో నానబెట్టి ఆరేసి, తర్వాతే కత్తిరించాలి. ఈ ఏడు తొందరలో అతను ఆ పని మానేశాడు. నేను వద్దన్నా వినలేదు. మొదటి ఉతుకుకే చొక్కా చేతులు మోచేతుల దాకా ఎక్కుతాయి. అదంతా వివరంగా ఆ స్కూలు ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశాను. ఒక్క అబద్ధం రాయలేదు. ఇరవై రెండేళ్లు ఆ కార్ఖానా పరువు నా కత్తెర కిందే నిలబడింది. దాన్ని తీసెయ్యడానికి ఒక్క కాగితం చాలింది.

నాలుగు రోజుల క్రితం పళ్ల సంచీ పట్టుకుని చూడటానికి వచ్చాడు. గోడవైపు తిరిగి పడుకున్నాను. అరగంట కూర్చుని వెళ్లాడు. సంచీ పక్క మంచం ఆవిడకి ఇప్పించాను.

నీ అక్క

*

జూలై 4

అక్కా,

తొమ్మిది అడుగులంటే మంచి కబురు. కానీ మిగతాది కాదు. ఆ స్కూలుకి ఇంకో ఉత్తరం రాసి మొదటిదాన్ని వెనక్కి తీసుకో. జబ్బులో ఉండి ఏదో రాశానని చెప్పు. వాళ్లు అర్థం చేసుకుంటారు.

అతనే చెప్పాడని నీకెవరు చెప్పారు? నేను చెప్పానా? నేను రాసింది మళ్లీ చదువుకో, నేనలా అనలేదు. అతను చెప్పి ఉండకపోవచ్చు. ఆసుపత్రిలో ఏ గుమస్తానో తనంతట తనే రాసి ఉండొచ్చు. ఎవరిదో ఒకరిది తప్పు అయి తీరాలని ఎందుకు పట్టుబడతావు?

అమ్మ మంచంలో ఉన్న రోజుల్లో నేనూ ఇలాగే ఉండేదాన్ని. ఆవిడని పక్కకి తిప్పి, వీపు తుడిచి, దుప్పటి మార్చేసరికి తొమ్మిదయ్యేది. ఎవరో ఒకరి మీద పళ్లు నూరుకోకపోతే నాకు పొద్దు గడిచేది కాదు. ఆ అలవాటు మంచిది కాదు. అమ్మ పోయాక కూడా నాకు పళ్లు నూరడం ఆగలేదు.

నీకు మెత్తటి అడుగున్న చెప్పులు పంపుతున్నాను. మడమ దగ్గర పట్టీ ఉంది, జారవు.

బుల్లి

*

జూలై 10

చెల్లీ,

చెప్పులు అందాయి. ఇంకా వేసుకోలేదు.

జరిగింది చెబుతాను. స్కూలు వాళ్లు రెండు చొక్కాలు ఉతికి చూసి ఆర్డరు రద్దు చేశారు. యజమాని ఎనిమిది మంది కుట్టుపని వాళ్లని ఇంటికి పంపేశాడు. మూడో మిషను దగ్గర కూర్చునే ఆవిడ నీకు గుర్తుందా, నాకు కూతురుంటే ఆ వయసుది, నాకు రోజూ సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది, ఆవిడ కూడా అందులో ఉంది.

మొన్న యజమాని మళ్లీ వచ్చాడు. ఈసారి పళ్లు తేలేదు. నేను గోడవైపు తిరగబోతే 'తిరక్కు, వినాలి నువ్వు' అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను ఏకవచనంతో పిలవడం అదే మొదటిసారి.

'ఆ రోజు ఇంట్లో ఎవరున్నారని అడిగారు. ఎవరూ లేకపోతే మా ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది, మా ఆవిడ చూసుకుంటుందని చెప్పాను. మీరు చుట్టాలు కారు, మీ మాట రాయడానికి లేదన్నారు. సంచీలో నీ ఫోనుంటే అందులోంచి మీ వాళ్ల నంబరు తీసి నేనే ఇచ్చాను. కొత్త మాస్టర్ని పెట్టింది నువ్వొచ్చేదాకా నెట్టుకురావడానికి' అన్నాడు. బట్ట నానబెట్టకపోవడం తన తప్పే అని కూడా ఒప్పుకున్నాడు. 'నన్నొక్క మాట అడగాల్సింది' అని లేచి వెళ్లిపోయాడు.

ఫిజియో అమ్మాయిని నా ఫైలు తెమ్మన్నాను. ఇవ్వకూడదంది. నాది నేను చూసుకుంటానంటే ఇచ్చింది. మే 23, ఉదయం పదకొండుంపావు. ఫోను ద్వారా. సోదరి. చూసుకోలేనని చెప్పారు.

నాకున్నది ఒక్కతే సోదరి. చెప్పింది నువ్వేనా, అది రాయి, ఇంకేమీ వద్దు.

*

జూలై 14

అక్కా,

నేనే.

ఆ పూట ఒక చిన్నపిల్ల అద్దం అరగదీస్తున్నాను. మిషను ఆపి ఫోను తీశాను. ఎవరో ఆడమనిషి, గొంతు మర్యాదగా ఉంది. మీ అక్కగారికి పక్షవాతం వచ్చింది, ప్రాణానికి ఫరవాలేదు, ఇంటికి పంపితే చూసుకుంటారా అని అడిగింది. 'కుదరదండీ' అన్నాను. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆరేళ్లక్కా. అమ్మకి కూడా ఇదే జబ్బు, ఇదే ఎడమ పక్క. ఆవిడకి ఎవరూ మార్కులు వెయ్యలేదు, నడక నేర్పలేదు. తీసుకెళ్లండి అన్నారు, తెచ్చుకున్నాను. రెండో ఏడు నా వల్ల కాక నీకు ఫోను చేశాను. మూడు నెలలు తీసుకెళ్లు, కాస్త నిద్రపోతాను అన్నాను. నువ్వు 'కుదరదే, సీజను' అన్నావు. వెనకాల మిషన్ల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నాలుగేళ్లలో రెండుసార్లు వచ్చావు. ఒకసారి వచ్చి అమ్మకి కొలతలు తీసుకున్నావు, ముందుకు తెరుచుకునే జాకెట్లు కుట్టి పంపావు. ఎంత బాగా కుట్టావో. చూసినవాళ్లంతా పెద్దమ్మాయి ఎంత ప్రేమగా కుట్టిందో అన్నారు. వాటిని రోజూ విప్పి తొడిగింది నేను. నన్నెవరూ ఏమీ అనలేదు.

నాకు వచ్చిన సంబంధం తప్పిపోయింది కూడా అప్పుడే. ఆ మాట నీతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

కుదరదండీ అన్నప్పుడు నాకెంత హాయిగా ఉందో నీకు తెలియాలి. చిన్నపిల్ల అద్దం మళ్లీ మిషనుకి ఎక్కించి, అంచు ఎక్కడా పలచబడకుండా పూర్తిచేశాను. ఆ ఒక్క మాట అంకె అవుతుందని, ఆ అంకె చూసి నీకు నడక నేర్పరని నాకు తెలియదు. తెలిస్తే అనేదాన్ని కాదా అంటే, ఆ క్షణంలో అనేదాన్నేమో. అబద్ధం చెప్పను.

యజమాని మీద నీ అనుమానం చూసి ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, ఎగదోశాను. నీ కోపం నిన్ను నిలబెడుతోంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఎనిమిది మంది సంగతి వినేదాకా ఆ మాట నమ్మాను కూడా.

ముందు గదిలో నీకు మంచం వేయించాను. స్నానాల గదిలో గోడకి పట్టుకోవడానికి కడ్డీ బిగించారు. నెల సెలవు పెట్టాను. వచ్చి తీసుకొస్తాను. వాళ్లతో నేనే మాట్లాడతాను.

బుల్లి

*

ఆగస్టు 2

చెల్లీ,

వెంటనే రాయకపోవడానికి కారణం కోపం కాదు, పని. ఇప్పుడు కోపం సంగతి కూడా రాస్తాను.

ముందు కార్ఖానాకి వెళ్లాను. ఫిజియో అమ్మాయి వెంట వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీ దిగి, కర్రతో కటింగు బల్ల దాకా నడిచాను. నలభై అడుగులుంటాయి. నన్ను అందరూ మర్చిపోయి ఉంటారనుకున్నాను. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ ఎనిమిది మందినీ కూడా యజమాని పిలిపించాడు, నేను అడిగితే. స్కూలుకి రాసింది నేనేనని, అతని మీద కక్షతో రాశానని, ఆ కక్ష కూడా తప్పు మనిషి మీదని చెప్పాను. మూడో మిషను ఆవిడ 'మా ఇంట్లోవాళ్లు మీకేం చేశారు?' అంది. వెనక్కి నలభై అడుగులు వచ్చేసరికి మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. స్కూలుకి రెండో ఉత్తరం కూడా రాశాను. వాళ్లు ఇంకెక్కడో కుట్టించుకున్నారు. వేరే ఆర్డరొకటి వస్తే నలుగుర్ని తిరిగి పిలిచాడట యజమాని. ఆవిడ ఆ నలుగురిలో లేదు. నేను బతికున్నంతకాలం ఆ ప్రశ్న నాతో ఉంటుంది. దాంట్లో నీకూ వాటా ఉంది, పూర్తిగా నాకే వదిలెయ్యకు.

నిన్న డిశ్చార్జ్ గురించి అందరూ కూర్చున్నారు. జోస్యాల డాక్టరు కొత్త కాగితం తెచ్చాడు. ఎనభై తొమ్మిది మార్కులు. చెయ్యి మాత్రం రాదట, ఇన్ని వారాలకి ఒక్క వేలు కూడా కదల్లేదు. 'మీ లెక్క తప్పిందండీ' అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. 'తప్పలేదమ్మా. నూటికి పద్నాలుగు అంటే ఎవరూ వెళ్లరని కాదు, పద్నాలుగు మంది వెళతారని. మీరు వాళ్లలో ఒకరు. మిగిలిన ఎనభై ఆరు మందిని కూడా నేను రోజూ చూస్తాను' అన్నాడు. ఇక ఆయన్ని జోస్యాల డాక్టరని పిలవను.

చివర్లో మళ్లీ అదే అడిగారు. ఇంట్లో చూసుకునేవారు ఎవరైనా ఉన్నారా, మీ చెల్లెలు ఫోను చేశారు, వస్తానంటున్నారు అని. లేరు అని రాయించాను.

అమ్మ విషయంలో నువ్వు రాసిందంతా నిజం. ఆ జాకెట్లు కుడుతున్నప్పుడే నాకు తెలుసు, రాకుండా ఉండటానికే కుడుతున్నానని. నీ సంబంధం సంగతి తెలియదు. దేనికీ నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదు కాబట్టి కోపం తగ్గిందనుకోకు, పెరిగింది. నువ్వు నన్ను నెల రోజులు చూసుకుని, వీపు తుడిచి, మనసు తేలిక చేసుకుందామనుకుంటున్నావు. ఆ తేలిక నీకివ్వను. నాకెవరూ ఇవ్వలేదు.

మంచం తీసేయించు. ఐదో తారీఖున నా గదికి వెళుతున్నాను. నువ్వు రావద్దు. వస్తే తలుపు తియ్యను.

అక్క

*

సెప్టెంబరు 4

అక్కా,

మంచం తీయించలేదు. అది నా ఇల్లు.

నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, ఎందుకంటే తలుపుకి నీ వైపున్నదే నీకు తెలుసు. మొదటి ఆదివారం బస్సు దిగి పది గంటలకి తలుపు కొట్టాను. 'ఎవరు?' అన్నావు. 'నేను' అన్నాను. చాలాసేపటికి మంచం కిర్రుమంది. కర్ర, కాలు, ఈడ్చుకొచ్చే కాలు. మధ్యలో ఎక్కడో కర్ర జారింది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలిస్తే నువ్వు అక్కడే ఆగిపోతావని ఊరుకున్నాను. ఆ గుమ్మం ముందు పిలవకుండా నిలబడ్డం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. గడియ తీయడానికి నీకు ఏడు నిమిషాలు పట్టింది. తీసి, నా మొహం చూసి, తలుపు నా మొహం మీదే వేశావు. తియ్యను అన్నదానివి తీశావు. తియ్యకుండా ఉంటే వెయ్యడం కుదరదు కదా.

బస్సులో ఏడ్చాను. ఆ తర్వాత ఏడుపు ఆగి లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. రెండో ఆదివారం ఆరు నిమిషాలు. మూడోది కూడా ఆరే, కానీ ఆ రోజు కర్ర ఒక్కసారి కూడా జారలేదు. నాలుగోసారి నాలుగున్నర. తలుపు గట్టిగా వేశావు, పైనుంచి సున్నం రాలింది. అంత గట్టిగా వెయ్యాలంటే రెండు కాళ్ల మీదా బరువు మోపాలి. మొన్న మీ ఫిజియో అమ్మాయికి ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. 'ఇంటికెళ్లాక చాలామంది మంచం దిగరమ్మా, వారానికి ఒక్కసారైనా లేపే మనిషి ఉంటే మంచిదే' అంది.

నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు. నేనూ నిన్ను క్షమించలేదు, ఆ ఆరేళ్లు ఆరేళ్లే. నాకు ఇంకా కోపంగానే ఉంది, నీకు తిండి తేలేదు, తేను. గది ఊడవను. నీకు చేతనైంది నువ్వు చెయ్యి.

కానీ ఆదివారం పది గంటలకి వస్తాను. ఆ పై ఆదివారం కూడా వస్తాను. వానొచ్చినా, బస్సులు ఆగినా వస్తాను. నా మొహం మీద తలుపు వెయ్యాలంటే నువ్వు లేచి రావాల్సిందే.

బుల్లి